పెద్దల నడకతో పట్నం చూద్దాం!

పిల్లలకు సెలవులొస్తే ఎక్కడికి తీసుకెళ్లాలో ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచిస్తారు. మరి ఇంట్లోని పెద్దవాళ్లకు? డెబ్భై దాటిన అమ్మానాన్నలను, అత్తమామలను ఒక్కరోజు సరదాగా నగరానికి తీసుకెళ్లి, అలిసిపోకుండా ఇంటికి చేర్చాలంటే ఏం చెయ్యాలి? ఇబ్రహీంపట్నం నుంచి బయల్దేరే కుటుంబాల కోసం ఈ ప్రణాళిక.

'నాకెందుకు బిడ్డా గవన్నీ, మీరు పోయి రండ్రి. ఇల్లు చూసుకుంట నేనుంట.'

చాలా ఇళ్లల్లో వినిపించే మాటే ఇది. ప్రయాణం అనగానే పెద్దవాళ్లు ముందుగా తమ పేరు తామే కొట్టేసుకుంటారు. నిజంగా ఇష్టం లేక అనేవాళ్లు కొందరే. మిగతావాళ్ల 'నాకెందుకు' వెనక చాలా ఉంటాయి. మోకాళ్లు సహకరిస్తాయో లేదోనన్న బెంగ. దారిలో మూత్రానికి పోవాల్సి వస్తే ఎలా అన్న మొహమాటం. తనవల్ల పిల్లలంతా ఆగిపోవాల్సి వస్తుందేమోనన్న సంకోచం. ఖర్చెందుకన్న లెక్క. ఇవేవీ పైకి చెప్పరు. మనమూ అడగం. 'సరేలే, రానంది కదా' అనుకుని తాళం చేతికిచ్చి వెళ్లిపోతాం.

ఇబ్రహీంపట్నానికి హైదరాబాద్ కొత్త ఊరేమీ కాదు. సాగర్ రోడ్డు మీద ముప్ఫై కిలోమీటర్ల దూరం. ఇక్కడి పెద్దవాళ్లు పట్నానికి వందసార్లు వెళ్లి ఉంటారు. అయితే ఈ పదేళ్లలో ఎందుకెళ్లారో ఒకసారి అడిగి చూడండి. కంటి ఆపరేషన్‌కి, గుండె పరీక్షకి, పింఛను కాగితాలకి, ఎవరింట్లోనో పెళ్లికి, మరెవరింట్లోనో చావుకి... ఇలా ఉంటుంది జాబితా. మెట్రో రైలు వచ్చి ఏళ్లవుతున్నా ఎక్కనివాళ్లు, సాలార్‌జంగ్ మ్యూజియం పేరు విన్నా గడప తొక్కనివాళ్లు ఎందరో. ఇంకో ఐదేళ్లు ఆగితే తీసుకెళ్లాలన్నా వాళ్ల ఒళ్లు ఒప్పుకోకపోవచ్చు. అందుకే 'ఎప్పుడో ఒకప్పుడు' అనుకోకుండా ఓ తేదీ అనుకోవాలి.

చిక్కంతా ఎక్కడ?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వయోవృద్ధులకు అనువైన నగరాలెలా ఉండాలో చెబుతూ ఓ మార్గదర్శిని ప్రచురించింది. అందుకోసం ప్రపంచవ్యాప్తంగా 33 నగరాల్లో పెద్దవాళ్లతో మాట్లాడించింది. వాళ్లు అడిగినవాటిలో అద్భుతాలేం లేవు. కూర్చోవడానికి బల్లలు, శుభ్రమైన మరుగుదొడ్లు, గుంతల్లేని కాలిబాటలు, ఎక్కడానికి వీలైన బస్సులు, రోడ్డు దాటేందుకు సరిపడా సమయం... ఇవే. ఇబ్రహీంపట్నం అవ్వ పైకి చెప్పకుండా మనసులో పెట్టుకున్నదీ దాదాపు ఇదే జాబితా.

కాబట్టి పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు 'ఏమేం చూడాలి' అన్నది రెండో ప్రశ్న. ఎన్ని మెట్లున్నాయి, ఎంత దూరం నడవాలి, కూర్చునే చోటుందా, మరుగుదొడ్డి ఎక్కడ? మొదట అడగాల్సినవి ఈ నాలుగే. వీటికి జవాబు దొరికితే సగం ప్రయాణం అయిపోయినట్లే.

రెండు చోట్లు చాలు

ఒక్కరోజులో చార్మినార్, గోల్కొండ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ అన్నీ చుట్టేయాలనుకోవడమే మనం చేసే పెద్ద పొరపాటు. పెద్దవాళ్లతో అయితే రోజుకు రెండు చోట్లు చాలు. మొదటిది తప్పనిసరి. రెండోది ఓపిక ఉంటేనే. 'ఇంత దూరం వచ్చాం కదా, అదీ చూసేద్దాం' అన్న మాట ఆ రోజుకి మర్చిపోవాలి.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. సాలార్‌జంగ్ మ్యూజియానికి, చౌమహల్లా ప్యాలెస్‌కు, పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియానికి శుక్రవారం సెలవు. నెహ్రూ జూపార్కుకు సోమవారం సెలవు. శని, ఆదివారాల్లో ఎక్కడ చూసినా జనమే. ఇక మిగిలినవి మంగళ, బుధ, గురువారాలు. పండుగలు, స్కూళ్ల విహారయాత్రలు లేని రోజు చూసుకుంటే ఇంకా మంచిది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల ఎండల్లో ఈ ఊసే వద్దు. వానాకాలంలో తడిసిన గచ్చు మీద కాలు జారితే ఆ ఒక్క పాటుతో ఏడాదంతా మంచం మీదే.

బస్సెక్కేదెలా... రైలెక్కేదెలా...

ఇబ్రహీంపట్నంవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ఆర్టీసీ డిపో ఊళ్లోనే ఉంది. ఇక్కడే బయల్దేరే బస్సెక్కితే సీటు దొరుకుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్‌లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. అవ్వకు జీరో టికెట్, తాతకు మామూలు టికెట్! ఆ పథకం వచ్చాక బస్సుల్లో రద్దీ పెరిగింది కాబట్టి ఉద్యోగులు, విద్యార్థులు వెళ్లే వేళ కాకుండా తొమ్మిది దాటాక బయల్దేరడం మేలు. పొద్దున్నే లేపి హడావుడి పెట్టాల్సిన పనీ ఉండదు.

బస్సెక్కేముందు ఒక్క మాట అడగాలి. సాగర్ రింగురోడ్డు దగ్గర కొన్ని బస్సులు ఎల్బీనగర్ వైపు తిరుగుతాయి. కొన్ని నేరుగా ఐఎస్ సదన్ మీదుగా వెళ్తాయి. మెట్రో ఎక్కాలనుకుంటే ఎల్బీనగర్ వెళ్లేదే ఎక్కాలి.

బస్సు మెట్లు ఎత్తుగా ఉంటాయి. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు ఫిజియోథెరపిస్టులు చెప్పే సూత్రం ఒకటుంది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. తోడున్నవాళ్లు ఎక్కేటప్పుడు వెనక, దిగేటప్పుడు ముందు ఉండాలి. చెయ్యి పట్టి లాగకూడదు. వాళ్లు పట్టుకోవడానికి మన చెయ్యి ఇవ్వాలి.

ఎల్బీనగర్-అమీర్‌పేట మెట్రో మార్గం 2018 సెప్టెంబరు 24న మొదలైంది. ఎల్బీనగర్‌ మొదటి స్టేషన్ కావడంతో ఖాళీ రైలు ఎక్కొచ్చు. అన్ని స్టేషన్లలోనూ లిఫ్టులున్నాయి. ఎస్కలేటర్ చూసి పిల్లలు ఉత్సాహపడతారు కానీ పెద్దవాళ్లను దానిమీద ఎక్కించొద్దు. చీర కుచ్చిళ్లు, పంచె అంచులు చిక్కుకునే ప్రమాదముంది. అడుగు తడబడే ప్రమాదం అంతకంటే ఎక్కువ. లిఫ్టు ఎక్కడుందో అడిగి, కాస్త చుట్టూ తిరిగైనా దానిలోనే వెళ్లాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు తనిఖీ దగ్గర సిబ్బందికి ముందే చెప్పాలి, కార్డు చూపించాలి.

కారైతే మరీ కిందకున్నదీ, మరీ ఎత్తైనదీ పనికిరాదు. ముందు సీటు మీద వెనక్కి ఆనుకుని కూర్చుని, ఆ తర్వాత రెండు కాళ్లూ లోపలికి తిప్పుకుంటే నడుము పట్టెయ్యదు.

గంట కొట్టే గడ్డం మనిషి

ఇక అసలు రోజు. ఉదాహరణకు ఓ బుధవారం అనుకుందాం.

తొమ్మిదిన్నరకు బయల్దేరితే పదిన్నర ప్రాంతంలో ఎల్బీనగర్. మెట్రోలో విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారంబాగ్, న్యూమార్కెట్, మలక్‌పేట దాటితే ఎంజీబీఎస్. పావుగంట ప్రయాణం. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డును ఎప్పుడూ కింద నుంచే చూసినవాళ్లకు పైనుంచి చూడ్డమే ఒక వింత. ఎంజీబీఎస్ నుంచి సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే అయినా నడిపించొద్దు. ఆటో మాట్లాడుకోవాలి. మ్యూజియం లోపల నడక ఎలాగూ ఉంటుంది. మోకాళ్ల ఓపికను దానికోసం దాచాలి.

సాలార్‌జంగ్ మ్యూజియాన్ని 1951 డిసెంబరు 16న అప్పటి ప్రధాని నెహ్రూ ప్రారంభించారు. అప్పుడది దివాన్ దేవిడీలో ఉండేది. మూసీ ఒడ్డునున్న ఇప్పటి భవనంలోకి 1968లో మారింది. గ్యాలరీలు ముప్ఫైకి పైనే. అన్నీ చూడాలనుకుంటే కుర్రాళ్లే కూలబడతారు. పెద్దవాళ్లతో మూడు నాలుగు చాలు. మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ తప్పక చూపించాలి. రాతిలో పల్చటి ముసుగును చెక్కిన పనితనం చూసి నోరు తెరవనివాళ్లుండరు. ఇంకోటి ఒకవైపు మగ, మరోవైపు ఆడ రూపం కనిపించే చెక్క బొమ్మ.

మూడోది సంగీత గడియారం. గంట కాగానే దాంట్లోంచి ఓ గడ్డం మనిషి బయటికొచ్చి ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికెళ్లిపోతాడు. పన్నెండింటికైతే పన్నెండుసార్లు! అందుకే మధ్యాహ్నం పన్నెండుకు దానిముందు గుంపు ఎక్కువ. ఓ పావుగంట ముందే వెళ్లి పెద్దవాళ్లను కూర్చోబెడితే అటు విశ్రాంతి, ఇటు వినోదం. జనం వద్దనుకుంటే ఒంటిగంటకు వెళ్లినా ఆ మనిషి వస్తాడు. కొట్టేది మాత్రం ఒక్కసారే!

వీల్‌చైర్ దొరుకుతుందా, లిఫ్టు పనిచేస్తోందా అని ముందురోజే మ్యూజియానికి ఫోన్ చేసి తెలుసుకోవాలి. వీల్‌చైర్ అనగానే చాలామంది పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. 'నేనేమన్న రోగినా' అంటారు. బలవంతం చెయ్యకుండా ఖాళీ కుర్చీని వెంట తోసుకెళ్తే సరి. కాసేపటికి వాళ్లే కూర్చుంటారు.

రెండు చెరువుల ముచ్చట

ఒంటిగంటకల్లా భోజనం. మెట్లెక్కి వెళ్లే హోటల్ కాకుండా కింది అంతస్తులో ఉన్నది, చేతులు కడుక్కునే చోటు, మరుగుదొడ్డి శుభ్రంగా ఉన్నది చూసుకోవాలి. పాశ్చాత్య తరహా కమోడ్ ఉందా అని ముందే అడగడానికి సిగ్గుపడొద్దు. తిన్నాక కనీసం అరగంట అక్కడే కూర్చోవాలి.

ఓపిక ఉంటే మూడింటికి హుస్సేన్‌సాగర్ ఒడ్డు. ఇబ్రహీంపట్నం పెద్దలకు ఇది పరాయి చెరువు కాదు. ఊరికి పేరు తెచ్చిన ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలాడు. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు, హుస్సేన్‌సాగర్ రెండూ ఆయన కాలంలో తవ్వించినవే. హుస్సేన్ షా వలీ పేరుమీద ఇది హుస్సేన్‌సాగర్ అయింది. ఈ సంగతి చెప్పి వదిలేయండి. చెరువు నిండిన ఏళ్లు, ఎండిన ఏళ్లు, తూము కింద పండిన వరి, అలుగు మీద పట్టిన చేపలు... ఇక మాట్లాడేది వాళ్లు, వినేది మీరు.

నీళ్ల మధ్య బుద్ధుడి విగ్రహం కథ కూడా ఆ తరానికి బాగా గుర్తుంటుంది. 1990 మార్చిలో తరలిస్తుండగా నీళ్లలో మునిగి, 1992 డిసెంబరులో పైకి తేలి నిలబడింది. అప్పటి పేపర్లలో రోజూ చదివినవాళ్లు ఇప్పుడు ఎదురుగా చూస్తారు. 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహమూ అక్కడికి దగ్గరే. పడవ ఎక్కాల్సిన పనిలేదు. ఊగే పడవలో కాలు పెట్టడం మోకాళ్లకు పరీక్షే. ఒడ్డున బల్లమీద కూర్చుంటే చాలు.

నాలుగింటికి లేవాలి. నాలుగున్నరకు లక్డీకాపూల్‌లోనో ఖైరతాబాద్‌లోనో మెట్రో ఎక్కితే ఆఫీసులు వదిలే రద్దీకి ముందే ఎల్బీనగర్ చేరొచ్చు. చీకటి పడేసరికి ఇంట్లో ఉండొచ్చు.

ఎవరి ఇష్టం వాళ్లది

అందరికీ మ్యూజియం నచ్చాలని లేదు. భక్తి ఎక్కువున్నవాళ్లకు దారిలోనే కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి, కొత్తపేట దగ్గర అష్టలక్ష్మి ఆలయం ఉన్నాయి. 1976లో కట్టిన పాలరాతి బిర్లా మందిర్ అందమే వేరు. కాకపోతే గుట్టమీద ఉంది, మెట్లున్నాయి. మోకాళ్లు గట్టిగా ఉన్నవాళ్లకే అది.

రాజుల కాలం ముచ్చట్లు ఇష్టపడేవాళ్లకు చౌమహల్లా ప్యాలెస్ బాగుంటుంది. విశాలమైన తోటలు, చదునైన ఆవరణలు. జంతువులంటే ఇష్టమైతే 1963లో తెరిచిన నెహ్రూ జూపార్కు. చాలా పెద్దది కాబట్టి బ్యాటరీ వాహనం ఎక్కి తిరగాలే తప్ప నడవకూడదు. పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్ల నీడ, పక్కనే ఈజిప్టు మమ్మీ ఉన్న మ్యూజియం. నాటకాలు, పద్యాలు ఇష్టమైతే రవీంద్రభారతిలో ఆ వారం ఏముందో పేపర్లో చూసుకోవాలి.

చార్మినార్‌ను 1591లో కట్టినవాళ్లు మన మోకాళ్ల గురించి ఆలోచించలేదు. లోపల 149 మెట్లు, అవీ ఇరుకైనవి, మెలికలు తిరిగినవి. కింద నుంచే కళ్లారా చూసి, లాడ్‌బజార్‌లో ఓ దుకాణంలో కూర్చుని మనవరాలికి గాజులు బేరమాడటంలో ఉన్న ఆనందం పైకెక్కితే రాదు. గోల్కొండలోనూ అంతే. బాలాహిస్సార్ ఎక్కే బదులు సాయంత్రం కుర్చీలో కూర్చుని శబ్దకాంతి ప్రదర్శన చూడొచ్చు. దానికి సొంత వాహనం ఉండాలి, రాత్రి ప్రయాణానికి ఒళ్లు తట్టుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటుంది. కొందరు పెద్దవాళ్లకు చూడాల్సిన చోటంటూ ఉండదు. చూడాల్సిన మనిషి ఉంటారు. బడిలో పక్కన కూర్చున్న స్నేహితుడు, ఒకే ఆఫీసులో ముప్ఫై ఏళ్లు పనిచేసిన సహోద్యోగి, మలక్‌పేటలో ఉంటున్న చెల్లెలు... 'పట్నంలో ఎవరినైనా చూడాలనుందా' అని ఒక్కమాట అడగండి. అడిగేదాకా చెప్పని పేరు బయటికొస్తుంది. ఆ ఇంట్లో రెండు గంటలు కూర్చోబెడితే ఏ మ్యూజియమూ ఇవ్వని సంతోషం.

నీళ్లు మానేస్తే ముప్పే

దారిలో మరుగుదొడ్డి దొరకదేమోనన్న భయంతో పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, పొద్దుటినుంచీ నీళ్లు తాగడం మానేస్తారు. దాంతో కళ్లు తిరగడం, నీరసం, మూత్రంలో మంట. వాళ్లను నీళ్లు తాగమని పోరడం కాదు, మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే చెప్పాలి. మెట్రో స్టేషన్, మ్యూజియం, హోటల్... ఇలా గంటన్నరకో చోటు ఉందని తెలిస్తే నిశ్చింతగా గుక్కెడు నీళ్లు తాగుతారు. అడగక్కర్లేకుండా 'ఒకసారి వెళ్లొద్దామా' అని మనమే అంటే ఇంకా మంచిది.

బీపీకి వాడేవాటిలో కొన్ని మాత్రలు మూత్రం ఎక్కువ వచ్చేలా చేస్తాయి. ప్రయాణం రోజు వాటి వేళ మార్చుకోవచ్చా అని డాక్టర్‌ను ముందే అడగాలి. సొంతంగా మానెయ్యకూడదు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రో ఇన్సులినో తీసుకున్నాక భోజనం ఆలస్యం కాకూడదు. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే చక్కెర పడిపోతోందని గుర్తించి వెంటనే గ్లూకోజో చక్కెరో ఇవ్వాలి. అది చేతిసంచిలోనే ఉండాలి.

కొత్త చెప్పులు ఆరోజు వేసుకోవద్దు. పాతవే, వెనక పట్టీ ఉన్నవి మంచివి.

తొందర పెట్టొద్దు

ఒక పెద్దమనిషికి ఒక తోడు ఉండాలి. ఇద్దరు ముసలివాళ్లను, ఇద్దరు పసివాళ్లను ఒక్కరే చూసుకోవాలంటే ఎవరికీ సుఖం ఉండదు. ఫోన్లో మునిగిపోయే మనవడికి తాతయ్యతో లిఫ్టు దాకా నడిచే బాధ్యత అప్పగించండి. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లే ముందుండాలి. వాళ్లను వెనక వదిలి, మలుపు దగ్గర ఆగి 'రా, రా' అని పిలిస్తే 'నావల్లే ఆలస్యం' అన్న బాధ మొదలవుతుంది.

'నీకోసమే ఇంత ఖర్చు పెట్టి వచ్చాం' అన్న మాట పొరపాటున కూడా రాకూడదు. టీ డబ్బులు తాతయ్యను ఇవ్వనివ్వండి. గాజులు నాయనమ్మనే కొననివ్వండి. ఇచ్చే చెయ్యిగా బతికినవాళ్లు వాళ్లు.

ఇంటివాళ్లు ఎంత చేసినా నగరం చెయ్యాల్సింది నగరం చెయ్యాలి. 2015 డిసెంబరు 3న సుగమ్య భారత్ కార్యక్రమం మొదలైంది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం భవనాలు, రవాణా అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. మెట్రోలో లిఫ్టు సుఖంగా కిందికి దించుతుంది. తీరా రోడ్డు మీద అడుగుపెడితే ఎన్నోచోట్ల కాలిబాట మీద బండ్లు, విరిగిన రాళ్లు. లిఫ్టు పనిచెయ్యకపోయినా, మరుగుదొడ్డికి తాళం ఉన్నా అక్కడి అధికారికి రాతపూర్వకంగా చెప్పాలి. మన అవ్వ కోసం రాసిన ఫిర్యాదు ఊళ్లోని అవ్వలందరికీ పనికొస్తుంది.

చేతిసంచిలో ఇవి ఉన్నాయా?

* ఆధార్ కార్డు, వాడుతున్న మందుల చీటీ
* ఒక పూట మందులు అదనంగా, గ్లూకోజు లేదా చక్కెర
* నీళ్ల సీసా, బిస్కెట్లు, అరటిపండు
* కళ్లద్దాలు, చేతికర్ర, వినికిడి యంత్రం ఉంటే దాని బ్యాటరీ
* చిన్న తువ్వాలు, ఒక జత బట్టలు
* ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాసిన కాగితం, పెద్దవాళ్ల జేబులోనే
* వయోవృద్ధుల సహాయవాణి నంబరు: 14567

ఇవన్నీ సర్దుకున్నాక మిగిలేది ఒక్క పనే. 'పట్నం వస్తావా' అని అడిగితే 'నాకెందుకు' అన్న జవాబే వస్తుంది. అలా కాకుండా, 'మెట్లు లేవు, కూర్చునే చోటుంది, చీకటి పడకముందే ఇంటికొస్తాం. మంగళవారం పోదామా, బుధవారమా?' అని అడగండి. అప్పటికీ వద్దంటే బలవంతం వద్దు. కానీ ఆ మాట విన్నాక వద్దనేవాళ్లు తక్కువే!